పన్నెండో పలక

నిన్న సామాన్లు సర్దుతుంటే అటక మీది పాత పలక జారి నా వేలి కణుపుకు తగిలి ఖంగుమంది. నొప్పి కంటే ముందు భయం వేసింది. రమణమ్మక్క వచ్చిందేమో, నేను మళ్ళీ ఏవో కోతలు కోసి దొరికిపోయానేమో అనిపించింది.

మీరు ఆమెను చూడలేదు కదా, చెబుతాను వినండి. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో ఒక్కొక్క పలకనూ వేలితో కొట్టి, మోగినదాన్ని ఇటు, మోగనిదాన్ని అటు పెట్టడం ఆమె పని. ఆ చెవికి భయపడి పగుళ్ళున్న పలకలు చెప్పాపెట్టకుండా గిద్దలూరు పారిపోయేవి. ఇందులో సగం కోతల కింద మీరు తీసేయవచ్చు. పలకలకు గిరాకీ తగ్గాక ఆమె కంప్యూటర్ రిపేరు దుకాణం పెట్టి నన్ను పనిలో పెట్టుకుంది. రిపేరు నాది, దుకాణం మీద జనానికున్న నమ్మకం ఆమెది.

ఒకసారి కంభం దగ్గరి బడిలో పన్నెండు పాత కంప్యూటర్లకు ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను. బొమ్మ వచ్చినట్టే వచ్చి తెర నల్లబడేది. హెడ్మాస్టరు నవ్వలేదు. "ఏందయ్యా వెంకటేశూ, నల్లగా ఉండేదానికైతే మాకు నల్లబల్ల చాలదా? శనివారానికి వెలగకపోతే పాతసామాన్ల బండికి ఎత్తిచ్చేస్తా" అన్నాడు. ఆ బడి పిల్లలకు ఉన్న కంప్యూటర్లు అవే.

మూడు రోజులు తవ్వితే తప్పు దొరికింది. ఏ కొలతలో బొమ్మ పంపాలో మానిటర్ చెబుతుంది. మధ్యలో తగిలించిన చవక కన్వర్టర్ ఆ మాటను చెడగొడుతోంది. బొమ్మను పంపే ప్రోగ్రాం, అదే గ్రాఫిక్స్ డ్రైవర్, విన్నదల్లా నమ్ముతోంది. ఆ డ్రైవర్ కోడు అందరికీ తెరిచిపెట్టిందే. ఎవరైనా సరిదిద్ది పంపవచ్చు, దాన్ని చూసుకునేవాళ్ళు ఒప్పుకుంటే లోకమంతటికీ చేరుతుంది. కొలతను రెండుసార్లు అడిగి, రెండు జవాబులూ కలిస్తేనే నమ్మేలా మార్చాను. బడి నుంచి దుకాణానికి తెచ్చుకున్న ఒక కంప్యూటర్ భళ్ళున వెలిగింది. 'పన్నెండింటి మీదా పరీక్షించాను' అని ఇంగ్లీషులో రాసి పంపబోతుంటే వెనక నుంచి అక్క గొంతు వినిపించింది.

"ఏం రాసినావు?"

చదివి వినిపించాను.

"వెలిగినవి ఎన్ని?"

"ఒకటక్కా. మిగతావన్నీ దీని తోబుట్టువులే కదా!"

ఆమె బల్ల మీది పలక తీసి వేలితో ఖంగున కొట్టింది. "డజన్‌లో పదకొండు మోగినాయని పన్నెండోది మోగదు నాయనా. పో, అన్నీ చూసి రా."

శుక్రవారం బడికి పోయాను. ఒక్కొక్కటే వెలుగుతుంటే నా ఛాతీ గుమ్మం పట్టనంత అయింది. పదకొండు వెలిగాయి. పన్నెండోది వెలగలేదు. దాని కన్వర్టర్ ఎన్నిసార్లు అడిగినా తడబడకుండా అదే అబద్ధం చెబుతోంది. అబద్ధం కుదురుగా చెప్పేవాణ్ణి పట్టుకోవడం ఎంత కష్టమో నాకు తెలియదా!

శనివారం పొద్దున అక్క కూడా వచ్చింది. గేటు దగ్గర బండి నిలబడి ఉంది.

"ఏందక్కా చేసేది? అది మాట మార్చట్లేదు."

"నువ్వు చెప్పేవి నేనెట్ల వింటాను? కొంచెమే నమ్ముతా, మిగతాది చూసినాక."

అంతే! ఈ రకం కన్వర్టర్ కనిపిస్తే అది చెప్పిన కొలతను పక్కన పెట్టి, ఏ మానిటరైనా మోయగల చిన్న కొలతతో మొదలుపెట్టమని రాశాను. పన్నెండోది వెలిగింది. మళ్ళీ ఒకటో దాని నుంచి అన్నీ చూశాం. పిల్లలు వేసిన కేకకు కంభం చెరువులో కొంగలన్నీ లేచి ముండ్లమూరులో వాలాయి. హెడ్మాస్టరు తానే పోయి బండిని పంపించేశాడు. అక్క పన్నెండో మానిటర్ అంచును వేలితో తట్టి, "మోగింది. ఇప్పుడు పంపు" అంది.

నా మార్పును ఆ డ్రైవర్‌ను చూసుకునేవాళ్ళు ఒప్పుకున్నారు.

ఇప్పుడు అక్క లేదు. ఈ కథ నేను చెప్పినప్పుడల్లా కంప్యూటర్లు నలభై అవుతాయి, కొంగలు కర్నూలు దాటుతాయి. కానీ ఊరూ పేరూ తెలియని జనమంతా దించుకునే ఆ కోడు పక్కన నేను రాసిన మాట మాత్రం పెరగలేదు, తరగలేదు: 'పన్నెండింటి మీద చూశాను. పన్నెండూ వెలిగాయి.'