అరటి మరకలు

రావులపాలెంలోని దూరవిద్య డిగ్రీ కేంద్రంలో నేను కౌన్సిలర్‌గా చేరిన కొత్త. విద్యార్థులకు ప్రాజెక్టులు ఇచ్చి, అవెలా చేస్తున్నారో వెళ్లి చూడడం నా పని. ఆ ఆదివారం, మా నాన్న వయసున్న విద్యార్థి సూరిబాబుగారు ‘మార్కెట్ కూలీల జీవితం’ ప్రాజెక్టు తెచ్చారు. పేజీల నిండా నల్లటి మరకలు.

"ఏంటండీ ఇది? కాస్త శుభ్రంగా రాయలేరా?" అందరి ముందే కసిరాను.

"అరటి జిగురు మేడమ్, ఓ పట్టాన వదలదండి. గెలలు లారీకెక్కిస్తూ, ఖాళీ దొరికినప్పుడల్లా రాశానండి. మళ్లీ రాసి తెచ్చేస్తానండి," అన్నారాయన తల దించుకుని.

అక్కర్లేదని చెప్పి, సంతకం పెడదామని చివరి పేజీ తీశాను. ‘విద్యార్థి పనిచేసిన చోటికి స్వయంగా వెళ్లి పరిశీలించాను’ అని అచ్చువేసి ఉంది. అప్పటిదాకా అందరి పుస్తకాల మీదా ఆ సంతకం కుర్చీలోంచి లేవకుండానే పెట్టేశాను. దీని మీద మాత్రం పెన్ను కదల్లేదు.

"రేపు మార్కెట్‌కి ఎన్నింటికి రమ్మంటారండి?" అని అడిగాను.