యల్లమ్మ చీపురు దించిన సోమవారం

సోలాపూర్ భవాని పేట్‌లో యల్లమ్మ గడప మీద కూర్చుని బీడీలు చుడుతుంటే ఆ సందులో పోయేవాళ్లు కాస్త నెమ్మదించేవారు. వేళ్లు ఆకులో తంబాకు పోసి చుట్టేస్తుండేవి, నోరు కథ చెబుతుండేది. ఆమె చెప్పే కథ ఒక్కటే. ఎన్నిసార్లు చెప్పినా ఆ రోజే జరిగినట్టు చెప్పేది.

తెలంగాణలో వాళ్ల ఊరి దొరకు నేతవాళ్లు బట్ట ఊరికే ఇవ్వాలి, ఇంటికొకరు అతనుండే గడిలో వెట్టి చేయాలి. యల్లమ్మ తల్లికి వాకిలి ఊడ్చే పని పడింది. యల్లమ్మ వెనకాలే నడుస్తూ చెత్త ఎత్తేది. దొరలకు ఎదురు తిరిగిన సంఘం వాళ్లు వచ్చి వెట్టి చేయొద్దన్నాక ఊరంతా పోయి గడి ముందు చేతులు కట్టుకుని కూర్చుంది. దొర మనుషులు తుపాకులు పేల్చారు. తండ్రి పెంటప్ప అక్కడే ఒరిగిపోయాడు. ఎనిమిదేళ్ల బిడ్డ చేయి పట్టుకుని తల్లి సోలాపూర్ చేరింది.

ఇక్కడికి వచ్చేసరికి యల్లమ్మ ఆకు కోసే కత్తెర పక్కన పెట్టేది. ఆ తర్వాత నవ్వేది. "అయినా మూడు దినాలు గడి ఎవ్వలు ఊడ్వలే. దొరసానే చీపురు వట్టిందట, అది గూడ తలకిందులుగ."

మనవరాలు మయూరి ఈ కథ వింటూ పెరిగింది. పద్దెనిమిది నిండగానే కాలేజీ ఖర్చులకని తనూ బీడీలు చుట్టే పనికి కార్డు తీసుకుంది. మొదటి సోమవారం ఇద్దరూ కలిసి అశోక్ చౌక్ అవతలి కార్ఖానాకు పోయారు. ఇళ్లలో చుట్టిన బీడీలు అప్పజెప్పి, మర్నాటికి ఆకు, తంబాకు తెచ్చుకునే చోటది. రోజూ అప్పగింతకు ముందు ఆడవాళ్లలో ఒకరు కార్ఖానా ఊడ్చి ముగ్గు వేయాలి. ఆ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. వంతుల చీటీ కూడా ఆడవాళ్లే రాసి గోడకు అంటించుకునేవారు. యల్లమ్మ ముగ్గుకు మంచి పేరు.

ఆమె చీపురు మనవరాలి చేతికిచ్చింది. "ఇయ్యాల మన వంతు బిడ్డా. మూలలు మంచిగ ఊడువు, నా ఇజ్జత్ తియ్యకు."

"పైసలిస్తరా అవ్వా?"

"దీనికెక్కడి పైసలే?"

"ఊడ్వకపోతే ఏమైతది?"

పక్కింటి చంద్రభాగ అందుకుంది. "లెక్కలు జూసే నిలేష్ చిరిగిన ఆకిస్తడు. దినమంత ఏడ్సుకుంట చుట్టాలె. బీడీలు తక్కువ వడితే కార్డు తీసేస్తడు."

మయూరి చీపురు వైపు చూసి, అవ్వ వైపు చూసింది. "మరి గిది వెట్టి గాదా?"

యల్లమ్మ నలభై ఏళ్లు ఊడ్చింది. దొర కథ చెబుతూనే, నవ్విస్తూనే ఊడ్చింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. దాని వెంటే భయం. పిల్ల కార్డు మొదటిరోజే పోతే కాలేజీ కూడా పోయినట్టే. అయినా మయూరి చేతిలోంచి చీపురు తీసుకుని మూలకు దించి, నేల మీద చతికిలబడింది.

లోపలి నుంచి నిలేష్ బయటికొచ్చాడు. యల్లమ్మను మరాఠీలో ఆజీ అని, అంటే అవ్వా అని పిలిచేవాడు. "ఏంది ఆజీ, తబ్యేత్ బాగలేదా, జ్వరమా?"

"తబ్యేత్ మంచిగనే ఉన్నది. ఊడ్వం."

"గిన్నేండ్లు ఊడ్చినవు గదా?"

"గిన్నేండ్లు నాకు సమజ్ గాలే నాయనా."

అతను ముఖం మాడ్చుకుని లోపలికిపోయి, చిల్లులు పడ్డ ఆకుకట్ట తెచ్చి మయూరి ముందు పడేశాడు. యల్లమ్మకు లేచి చీపురు అందుకుందామా అని ఒక్క క్షణం అనిపించింది. ఇంతలో చంద్రభాగ వచ్చి ఆమె పక్కన కూలబడింది. "నాకు గూడ గదే ఆకియ్యి బాబూ." వెనకాల మరో ఇద్దరు కూర్చున్నారు. చూస్తుండగానే ముప్పైమంది. నిలేష్ లోపలికీ బయటికీ రెండుసార్లు తిరిగాడు. ముప్పైమందికి సరిపడా చెడ్డ ఆకు కార్ఖానాలో లేదు. చివరికి అందరికీ మంచి ఆకే ఇచ్చి పంపాల్సి వచ్చింది.

మంగళవారానికి తంబాకు దుమ్ము పేరుకుంది. బుధవారం నిలేష్ కట్టలు లెక్కపెడుతూ తుమ్మాడు, లెక్క తప్పాడు, మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ తుమ్మాడు. "పదిహేడు," అని ఒకామె సాయం చేసింది. "కాదు, ఇరవై మూడు," అని ఇంకొకామె. గురువారం అతనే చీపురు పట్టాడు. నీళ్లు చల్లకుండా ఊడ్చేసరికి లేచిన ధూళికి ఆడవాళ్లంతా కొంగులు అడ్డం పెట్టుకుని, దగ్గుతూ నవ్వుతూ రోడ్డు మీదికి పరుగెత్తారు. అందరికంటే ముందు నిలేషే బయటికి ఉరికాడు.

పై నెల కార్ఖానా యజమాని సేఠ్ జీతమిచ్చి ఊడ్చే మనిషిని పెట్టుకుంటానన్నాడు. ఆ పని తనకిమ్మని మొదట అడిగింది యల్లమ్మే.

చంద్రభాగ నెత్తి కొట్టుకుంది. "గింత కొట్లాడి మల్ల నువ్వే ఊడుస్తవా యల్లక్కా? సిగ్గులేదానే నీకు?"

"మూలలు నాకెరికే గదనే. ఇంకోలు ఊడిస్తే ఆ పోరడు తుమ్మి తుమ్మి సస్తడు."

కన్నుమూసేదాకా యల్లమ్మ ఆ నౌకరీ వదల్లేదు. మయూరి డిగ్రీ చేతికొచ్చిన రోజున కూడా పని ముగించుకునే ఇంటికొచ్చింది. పొద్దున్నే ఆమె కార్ఖానా తుడిచాక నేల ఆరేవరకు ఎవరినీ లోపల అడుగుపెట్టనిచ్చేది కాదు. నిలేష్ చెప్పులు చేత్తో పట్టుకుని మెట్టు మీద నిలబడి, "ఆజీ, ఆరిందా?" అని అడుగుతుండేవాడు.

"ఆరలే, గాడ్నే నిలవడు," అనేది యల్లమ్మ. అతను నిలబడేవాడు.