మూడో బెడ్‌లో తెలుగు

కోవిడ్ హడావుడి సద్దుమణిగిన మరుసటి ఏడాది నన్ను మా ఆసుపత్రి ఐసీయూ డ్యూటీకి వేశారు. ఢిల్లీలో, సాకేత్ వైపు ఉన్న పెద్ద ప్రైవేటు ఆసుపత్రి అది. నా హోదా క్లినికల్ ఫార్మసిస్టు. మందులు చేసే మేలు వైద్యులు చూసుకుంటారు, అవి చేసే కీడు కనిపెట్టడం నా పని. ఐసీయూలో యాంటీబయాటిక్స్ వాడకం ఎక్కువ కాబట్టి నాకు పనికి కొదవ ఉండేది కాదు. నన్ను చూడగానే డాక్టర్లు మొహం అదోలా పెట్టేవారు. పెళ్లి భోజనంలో ఉప్పు తక్కువైందని చెప్పడానికి వచ్చినదానిలా ఉండేదేమో నా వాలకం.

ఒక ఉదయం రౌండ్స్‌లో నర్సు సునీతా దీదీ, మూడో బెడ్ పేషెంటు మంచి హుషారుగా ఉన్నారని, రాత్రంతా తన భాషలో కబుర్లు చెబుతూనే ఉన్నారని సంబరంగా చెప్పింది. ఆయన రిటైరైన సుబేదారు, శ్రీకాకుళం మనిషి. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్‌కి సెఫెపైమ్ అనే యాంటీబయాటిక్ ఎక్కిస్తున్నారు, జ్వరం తగ్గుతోంది. సర్వీసంతా హిందీలో గడిపిన మనిషి నర్సులతో తెలుగు మాట్లాడడమేమిటని ఎవరికీ తోచలేదు. భార్య ఊరి నుంచి బయల్దేరి ఇంకా రైల్లోనే ఉంది. కంటోన్మెంటులో పుట్టి పెరిగిన కూతురు దివ్య నన్ను చూసి సిగ్గుపడింది.

“ఆంటీ, పాపా గావ్‌వాలా తెలుగు, అదే ఊళ్లో తెలుగు మాట్లాడుతున్నారు. నాకు ఇంట్లో మాట్లాడే తెలుగే వచ్చు, అది రాదు.”

నేను పలాసలో పుట్టినదాన్ని. మా యాస విని ఎన్నాళ్లయిందోనని ఉబలాటంగా బెడ్ దగ్గరికి వెళ్లాను. ఆయన నావైపు తిరిగి గడగడా మాట్లాడారు. చెవి ఒగ్గి విన్నాను. అది మా యాస కాదు సరికదా, తెలుగే కాదు, అసలు ఏ భాషా కాదు. మాటల్లా వినిపించే ఒట్టి చప్పుడు. దుప్పటి మీద చేతివేళ్లు ఉండుండి ఉలిక్కిపడుతున్నాయి. వెంటనే ఆయన కేస్ షీటు, రక్తపరీక్షల రిపోర్టులు తీసి చూశాను.

సెఫెపైమ్‌ని ఒంట్లోంచి బయటికి పంపేవి మూత్రపిండాలు. అవి మందగిస్తే మందు పేరుకుపోయి మెదడు మీద పడుతుంది. అలాగే వదిలేస్తే ఫిట్స్, ఆపైన వెంటిలేటరు, ప్రాణానికే ముప్పు. ఆయన చేరిన రోజు మూత్రపిండాలు బాగానే ఉన్నాయి, డోసు అప్పటి లెక్కన వేశారు. తర్వాత అవి నెమ్మదించాయి, డోసు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ మందు ఆపాలంటే ఐసీయూ పెద్ద డాక్టర్ ఖన్నా ఒక పట్టాన ఒప్పుకోలేదు. ఇన్ఫెక్షన్‌లో ఎవరికైనా మతి తికమకపడుతుందని, పనిచేస్తున్న మందు ఆపితే జ్వరం తిరగబెడుతుందని ఆయన వాదన. అందులోనూ న్యాయం ఉంది. అయినా నాకు ఒళ్లు మండింది.

“సర్, ఆయన భాష వచ్చినదాన్ని ఇక్కడ నేనొక్కదాన్నే. ఆయన మాట్లాడేది భాష కాదు” అన్నాను.

అప్పుడు మెదడుకి ఈఈజీ తీయించారు. నా అనుమానానికే బలం చేకూరింది. ఆ క్రిమి ఏ మందుకి లొంగుతుందో చెప్పే కల్చర్ రిపోర్టు చూసి వేరే మందుకి మార్చారు. అనుమానం ఉన్న మందు ఆపి, లక్షణం తగ్గుతుందేమో చూడడాన్ని మా వృత్తిలో డీచాలెంజ్ అంటారు. చెప్పినంత తేలిక కాదు ఎదురుచూడడం. తనకి తెలుగు సరిగ్గా వచ్చుంటే ముందే తెలిసేదని దివ్య ఐసీయూ తలుపు దగ్గర ఒకటే ఏడుపు.

మర్నాటికి వేళ్లు కుదుటపడ్డాయి. ఆ మరుసటి రోజు విజిటింగ్ వేళకి ఆయన కూతుర్ని ఎగాదిగా చూసి, “ఏటే, అలగ సిక్కిపోనావు? తిన్నావా లేదా?” అన్నారు.

దివ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “ఆంటీ, యే వాలా, ఈ తెలుగు నాకు అర్థమైంది.”

ఆ తర్వాత మా ఐసీయూలో ఒక పద్ధతి పెట్టాం. రోగి మాకు రాని భాషలో మాట్లాడుతుంటే, అది వచ్చిన మనిషి క్యాంటీన్‌లో ఉన్నా సరే పిలిపించేవాళ్లం, దొరక్కపోతే ఇంటివాళ్లకి ఫోన్లో వినిపించేవాళ్లం. తన భాషలో మాట్లాడుతున్నారని కేస్ షీటులో రాసే ముందు, అది భాషేనా అని అడగాలి.