ఫోనులో మండిపోయిన పసుపు

2023 ఎండాకాలం. నిజామాబాద్ ఖలీల్‌వాడి సందులో, ఒక రక్త పరీక్షల ల్యాబు పైన మేడ మీద, నాది ఒక్క గది ఎడిటింగ్ షాపు. పెళ్లి వీడియోలు కూర్చి బతికేవాణ్ని. ఊరూరా యూట్యూబ్ చానళ్లు పుట్టాక ఆ పనీ వచ్చి చేరింది. నా గురించి ముందే ఒక మాట చెప్పాలి: నాకు ఎవరి మీదా ఒక పట్టాన నమ్మకం కుదరదు. "మీకు కూరల ఉప్పు మీద గూడ అనుమానమే" అంటుంది మా ఆవిడ. ఈ వృత్తిలో అది జబ్బేమీ కాదు. "నేనేం ముట్టలేదన్నా, ఒరిజినలే" అంటూ జనం తెచ్చే ఫైళ్లలో సగం వాట్సాప్‌లో నలిగి వచ్చినవే ఉంటాయి.

ఎడిటింగ్ అంటే కత్తిరించి అతికించడమే అనుకుంటారు చాలామంది. అసలు గండం చివర్లో ఉంటుంది. కూర్చిన వీడియోను ఒకే ఫైలుగా బయటికి తీయడాన్ని ఎక్స్‌పోర్ట్ అంటాం. ఉన్నదున్నట్టు తీస్తే ఆ ఫైలు ఇంటర్నెట్‌లోకి ఎక్కేసరికి పొద్దుగూకుతుంది. అందుకని కంప్రెషన్ చేస్తాం. అంటే, తీసేసినా కంటికి తెలియని వివరాలను తీసేసి బరువు తగ్గిస్తాం. సెకనుకు ఎంత సమాచారం మిగల్చాలో చెప్పే కొలత పేరు బిట్‌రేట్. మనం ఒకసారి పిండి పంపితే, సైటు వాళ్లు తమ లెక్కలో ఇంకోసారి పిండుతారు. బోధన్ రోడ్డు మీద చెరకు రసం బండివాడు పిప్పిని మడిచి మళ్లీ మిషన్లో పెట్టినట్టే. రెండోసారి పిండాక కూడా బొమ్మ బొమ్మలాగే ఉండాలి, అదీ మా పని.

గంగమణి అని వేల్పూర్ అవతలి ఊరి ఆవిడ, యాభై ఏళ్లుంటాయి, నాకు వీడియోలు పంపేది. వాళ్ల మహిళా సంఘం ఆడవాళ్లు పండించిన పసుపును పొడి పట్టించి, ప్యాకెట్లు కట్టి, చానల్ ద్వారా అమ్మేది. ఉడకబెట్టడం, కల్లంలో ఎండబోయడం, పాలిష్ పట్టడం, గిర్నీలో పొడిగా ఆడించడం అన్నీ తనే ఫోనులో తీసేది. ప్రతి వీడియో చివర ఒక పసుపు కొమ్మును పుటుక్కున విరిచి, లోపలి రంగు చూపించేది. మార్కెట్ యార్డులో కొనేవాళ్లు సరుకు చూసే పద్ధతి అదే.

ఒక రోజు ఆమె చెప్పాపెట్టకుండా షాపుకొచ్చింది. చేతిలో సంచి, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"తమ్మీ, గిదేంది సూడు" అని ఫోను నా ముందు పెట్టింది. కొత్తగా పెట్టిన వీడియోల కింద జనం రాసిన మాటలు. రంగు కలిపారు. ఇది పసుపు కాదు, పెయింటు. మా పిల్లలకు పెట్టకండి. నేను వీడియో నొక్కి చూశాను. పసుపు రాశి లైటు పెట్టినట్టు మండిపోతోంది, కళ్లు చికిలించాల్సి వచ్చింది.

"సంఘపోల్లు ఏమంటున్నరు?" అని అడిగాను.

"ఏమంటరు? గంగమణి ఏదో కలుపుతుంది, మా పేరు గూడ ఖరాబు చేస్తుంది అంటున్నరు. ఐతారం నాడు మీటింగ్ పెట్టిండ్రు. వాళ్ల పసుపు వాళ్లు వాపస్ తీస్కపోతరట. నా ఇజ్జత్ పోతుంది తమ్మీ. ఇన్నేండ్లు వాళ్ల నడుమ తలెత్తుకొని తిరిగిన." ఆగి, నా కళ్లలోకి సూటిగా చూసింది. "నువ్వేమన్న రంగు కొట్టినవా? మంచిగ కొట్టాలె అని?"

నాకు ఒళ్లు మండింది. "నేనెందుకు కొడ్త అక్కా? నీ పసుపు నువ్వెట్ల పంపినవో గట్లనే ఉంది" అన్నాను. ఆమె సంచిలో చెయ్యి పెట్టింది. ఒక ప్యాకెట్ బల్ల మీద పెట్టి, "వండుకొని సూడు" అని దిగి వెళ్లిపోయింది.

నిజం చెప్పాలంటే అప్పుడు నా అనుమానం ఆమె మీదే. అమ్మకాలు పెరిగాయి, సరుకు చాలక ఏదో కలుపుతోందేమో. ఇంటికి వెళ్లి, గాజు గ్లాసు నీళ్లలో చెంచాడు పొడి వేసి కూర్చున్నాను. కల్తీ లేని పసుపైతే అడుక్కి దిగాలి, నీళ్లు లేత రంగులో తేలాలి. రంగు కలిపితే నీళ్లు చిక్కగా పచ్చబడతాయి. పొడి బుద్ధిగా అడుక్కి దిగింది. నాకు తృప్తి కలగలేదు. నాకిచ్చే ప్యాకెట్ వేరు, అమ్మే ప్యాకెట్ వేరు కావచ్చు కదా అన్నాను మా ఆవిడతో. "ఇగ ఆమె ఇంటి మీద పోలీసోల్లను తోలుండ్రి" అని మా ఆవిడ గ్లాసు లాక్కుని పోయింది.

మర్నాడు షాపులో నా వైపు తప్పేమైనా ఉందేమో వెతికాను. మొదట బిట్‌రేట్ తక్కువైందనుకున్నాను. పొడి అనేది కంప్రెషన్‌కు శత్రువు. గిర్నీలోంచి రాలే ప్రతి రేణువూ కదులుతుంది, సమాచారం చాలకపోతే రేణువులన్నీ కలిసి ముద్దయిపోయి నిజంగానే పెయింటులా కనిపిస్తాయి. బిట్‌రేట్ రెట్టింపు చేసి, ఎవరికీ కనబడకుండా ప్రైవేటుగా అప్‌లోడ్ చేసి ఫోనులో చూశాను. రేణువులు తిరిగొచ్చాయి. రంగు మాత్రం అలాగే మండుతోంది.

శనివారం గంగమణి మళ్లీ వచ్చింది. ఈసారి కూర్చోలేదు. సంచిలోంచి కొమ్ము తీసి, నా ఎదుటే విరిచి, ఆ ముక్కను మానిటరుకు ఆనించి పట్టుకుంది.

"సూడు. నీ టీవీల రంగు, నా చేతిల రంగు ఒక్క తీరే ఉన్నయా, లేవా?"

ఒక్క తీరే ఉన్నాయి. నా తెరలో పసుపు అసలు పసుపులాగే ఉంది.

"మరి ఫోన్ల ఎందుకు గట్ల మండుతుంది?"

ఆమె ఫోనులో అదే వీడియో పెట్టి మానిటరు పక్కన పట్టుకున్నాను. ఒకే ఫైలు, రెండు రంగులు. అప్పుడు వెలిగింది నా బుర్ర. వీడియోను నేను నా తెర మీద చూసి సరే అనుకున్నాను, జనం చూసేది ఫోన్లలో. వెంటనే ఆమె పంపిన అసలు క్లిప్పుల వివరాలు తెరిచాను. తీసిన ఫోను పేరు కొత్తగా ఉంది.

"అక్కా, ఫోన్ మార్చినవా?"

"మా మరిది దుబాయ్ కెల్లి కొత్తది తెచ్చిండు. మస్తు కీమతుదట. ఎందుకు?"

ఆ ఫోను హెచ్‌డీఆర్‌లో తీస్తోంది. వెలుగునూ రంగునూ మామూలు కంటే ఎక్కువ దూరం సాగదీసి దాచుకునే పద్ధతి అది. నా సాఫ్ట్‌వేర్ మొదటి క్లిప్పు చూసి, నాతో ఒక్క మాటైనా చెప్పకుండా ప్రాజెక్టు మొత్తాన్ని హెచ్‌డీఆర్‌కు మార్చుకుంది. నా పాత మానిటరు కోసం రంగును తగ్గించి చూపిస్తూ, ఫైలును మాత్రం హెచ్‌డీఆర్ ముద్రతోనే బయటికి పంపింది. అలాంటి తెర ఉన్న ఫోన్లలో పసుపు దీపంలా వెలిగింది. చవక ఫోన్ల కోసం సైటు చేసిన మార్పులో నారింజ రంగుకు తిరిగింది. ఇన్నాళ్లూ నేను మనుషులను అనుమానిస్తున్నాను, పక్కనే కూర్చుని నన్ను మోసం చేసింది నా సాఫ్ట్‌వేరే!

అన్ని క్లిప్పులనూ మామూలు రంగుల పద్ధతి, ఎస్‌డీఆర్‌లోకి దింపి, బిట్‌రేట్ కాస్త ఎక్కువే ఉంచి ఎక్స్‌పోర్ట్ చేశాను. అప్‌లోడ్ అయ్యాక ఆమె ఫోనులో, నా ఫోనులో, కింద ల్యాబు వాచ్‌మన్ పగిలిన ఫోనులో చూశాం. పక్కన కొమ్ము పెట్టుకుని మరీ చూశాం. మూడింటిలోనూ పసుపు పసుపులా ఉంది.

"పాత వీడియోలు తీసేద్దాం" అన్నాను.

"తియ్యకు" అంది గట్టిగా. "తీసేస్తె దొంగతనం దాపెట్టినట్టు ఉంటది. రెండూ ఉండనియ్యి. మీటింగ్ల రెండూ పెట్టి సూపెడ్త. ఎండల కొమ్ము ఇరిసి పక్కన పెడ్త. అప్పుడు ఎవలేమంటరో అనని."

మీటింగ్ ఉన్న ఆదివారం సాయంత్రం దాకా నాకు పని మీద మనసు నిలవలేదు. చీకటి పడేవేళకు ఫోను చేసింది. సంఘం ఆడవాళ్లు తమ ఫోన్లన్నీ బయటికి తీసి, ఒక్కొక్కరూ కొమ్ము విరిచి తెర పక్కన పెట్టి చూశారట. ఎవరి పసుపూ వెనక్కి పోలేదు.

"సంతోషం అక్కా" అన్నాను.

"గది గాదు గని తమ్మీ, నా పసుపును నీళ్లల్ల ఏసి సూసినవటగదా. నీ ఇంటామె చెప్పింది."

మా ఆవిడ ఆమెకు ఫోను చేసి ప్యాకెట్లు తెప్పించుకుంటోందని నాకు అప్పుడే తెలిసింది.

"ఏం ఫికర్ పడకు" అని పకపకా నవ్వింది. "నేను గూడ నీ వీడియోను ఆర్మూర్ల ఇంకో స్టూడియోల సూపెట్టిన."

"ఆయన ఏమన్నడు?"

"తప్పంత నీదే అన్నడు. పని తనకియ్యుమన్నడు. అప్పుడే నాకు ఆయన మీద అనుమానం బడ్డది."

ఆ రోజు నుంచి ఏ వీడియోనైనా నా తెర మీద చూసి వదిలేయడం మానేశాను. అప్‌లోడ్ అయ్యాక చవక ఫోనులో ఒకసారి, ఖరీదైన ఫోనులో ఒకసారి చూస్తాను. వీలైతే అసలు వస్తువు పక్కన పెట్టుకుంటాను, పెళ్లి చీరైనా సరే. మనిషిని అనుమానించే ముందు సెట్టింగును అనుమానించాలని గంగమణి వీడియోతో నేర్చుకున్నాను. ఆ తర్వాత మనిషిని అనుమానించడం మానేశానని మాత్రం అనుకోకండి. ఏటా పసుపు వచ్చే కాలానికి ఆమె మాకు ఒక ప్యాకెట్ ఊరికే పంపుతుంది. నేను ఒక చెంచాడు నీళ్లలో వేసి చూస్తాను. ఆమె నా వీడియో పక్కన కొమ్ము విరిచి చూస్తుంది. అది అయ్యాకే ఇద్దరం ఫోను చేసుకుని క్షేమం అడుగుతాం.