కొబ్బరి చిప్ప మోకాలు

పోయిన నెల మా వీధి చివర పెళ్లివారింట్లో, పెళ్లికూతురి గోళ్ల రంగు తుడవడానికి ఒక అమ్మాయి చిన్న సీసా మూత తీసింది. తియ్యగా, ఘాటుగా, ముక్కు లోపల చల్లగా తగిలే వాసన గదంతా పాకింది. తక్కిన ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుంటే నేను మాత్రం ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చున్నాను. కాసేపటికి వసారాలో కాఫీలు తాగుతూ ఒకాయన, మా ఊరి పాత లైబ్రరీలో ఒక మరమనిషి బొమ్మ ఉండేదనీ, దాన్ని జపాను వాళ్లు కొబ్బరి చిప్పతో మోకాలు చేసి మరీ పంపించారనీ, అక్కడా మనలాగే కొబ్బరి తోటలు ఉంటాయి కాబోలుననీ చెప్పాడు. విన్నవాళ్లు తలలూపారు. నాకు నవ్వూ వచ్చింది, కొంచెం కోపమూ వచ్చింది. ఆ మోకాలి సంగతి మొదటినుంచి చివరిదాకా తెలిసినవాళ్లలో ఇప్పుడు మిగిలింది నేనూ, నా స్నేహితురాలు సువార్తా, ఇద్దరమే. మేమూ పోతే జపాను వాళ్లకి కొబ్బరి తోటలు ఖాయమైపోతాయి. అందుకే రాసిపెడుతున్నాను.

నేను కాలేజీ మెట్లెక్కినదాన్ని కాదు. పదో తరగతితో చదువు ఆగింది. నాకు తెలిసిన నాలుగు ముక్కలూ రాజోలు పక్కన మా ఊరి గ్రంథాలయం పెట్టిన భిక్ష. పంచాయతీ ఆఫీసుకి ఆనుకుని ఉన్న రెండు గదుల పెంకుటిల్లు అది. పొడుగాటి బల్ల, కర్రలకు బిగించిన పేపర్లు, గోడవారగా ఆరబెట్టిన గొడుగులు, తడిసిన కాగితమూ కలరా ఉండలూ కలిసిన ఒక వాసన. లైబ్రేరియను సత్యానందంగారు సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాతో ఉండేవారు. లోపలికి వచ్చినవాళ్లు ఎంత చిన్నవాళ్లైనా ఆయనకి పాఠకులే, అందుచేత అందరికీ గారు తగిలించేవారు. పన్నెండేళ్ల నన్ను "పద్మగారూ, చేతులు తుడుచుకుని ముట్టుకోండి" అనేవారు. ఇంట్లో ఒసే తప్ప ఇంకో పిలుపు ఎరగని నాకు ఆ గారు కోసమైనా రోజూ వెళ్లాలనిపించేది.

పిల్లల పుస్తకాలు కింద అరలో ఉండేవి. వాటిని నేనూ సువార్తా మూడేసిసార్లు చదివేశాం. వెనక గదిలో అద్దాల తలుపుల పెద్ద బీరువా ఉండేది, దానికి తాళం. భూమి లోపలి పొరల గురించీ, విమానాల గురించీ, గాజు ఎలా తయారవుతుందన్నదాని గురించీ పుస్తకాలు, వాటి వీపుల మీది పేర్లు అద్దంలోంచి చదువుకోవచ్చు, అంతే. అవి పెద్దలకి మాత్రమే. ఆ అద్దానికి ముక్కు ఆనించి నిలబడితే ఊపిరికి మసక కమ్మి పేర్లు కూడా కనపడేవి కావు, చేత్తో తుడుచుకుని మళ్లీ చదివేదాన్ని.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, నాగుల చవితి వెళ్లిన మర్నాడు, గిన్నెలో మిగిలిన నువ్వుల చిమ్మిలి ఉండలు గౌను జేబులో వేసుకుని వెళ్లేసరికి, సత్యానందంగారి బల్ల మీద రంగురంగుల అట్టపెట్టె ఉంది. ఓడల మీద ఇంజినీరుగా తిరిగే ఆయన బావమరిది ప్రభాకర్‌గారు తెచ్చి లైబ్రరీకి ఇచ్చారట. మూత మీద నక్షత్రాల మధ్య నిలబడ్డ మరమనిషి బొమ్మ. మూత తీస్తే మనిషి లేడు. బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలకు, చిక్కుడు పాదుకి కాయల్లా, చేతులూ వేళ్లూ పాదాలూ విడివిడిగా వేలాడుతున్నాయి. తుంచి అతికించుకోవాలి. వివరం రాసిన కాగితం మొత్తం జపాను భాషలో ఉంది.

గ్రంథాలయ వారోత్సవాలు ఇంకో పదిహేను రోజుల్లో మొదలవుతాయి. ఆఖరి రోజు సభలో దీన్ని బల్ల మీద నిలబెట్టాలని ఆయన కోరిక. తన చేతులు రబ్బరుస్టాంపు వేయడానికి తప్ప పనికిరావని ఆయనే ఒప్పుకున్నారు. నాకు ఎక్కడి ధైర్యం వచ్చిందో, మేం చేస్తాంగానీ మాకు ఆ బీరువా పుస్తకాలు కావాలన్నాను. సువార్త నా జడ పట్టుకుని లాగింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "నిలబడాలండీ. పడుకోబెట్టి చూపించే మరమనిషి నాకొద్దు. నిలబడితే ఆలోచిస్తాను" అన్నారు. "ఆయ్, అలాగేనండి" అని పెట్టె ఎత్తుకొచ్చేశాం.

కాగితం మీది భాష రాకపోయినా అంకెలు వచ్చు. చట్రం మీది అంకెనూ కాగితం మీది బొమ్మనూ జతచేసుకుంటూ మూడు రోజుల్లో ముక్కలన్నీ వరసపెట్టేశాం. పెట్టెలో వచ్చిన జిగురు గొట్టం మాత్రం ఓడ మీదే ఎండిపోయింది. అన్నం మెతుకులతో, తుమ్మ జిగురుతో ప్రయత్నిస్తే అతికిన చెయ్యి అతికినట్టే ఊడి వచ్చింది. కింద అరలోని ఒక రసాయనాల పుస్తకంలో కొన్ని ప్లాస్టిక్‌లు కొన్ని ద్రవాల్లో కరుగుతాయని ఒక్క వాక్యం ఉంది. ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఇంట్లో ఉన్న ద్రవాలన్నీ చూశాం: కిరసనాయిలు, తలనొప్పి మందు, మా నాన్న గడ్డం గీసుకున్నాక రాసుకునే నీళ్లు. చివరికి కాకినాడలో కాపురం ఉంటూ పుట్టింటికి వచ్చిన సువార్త అక్క రూతక్క దగ్గర గోళ్ల రంగు తుడిచే సీసా దొరికింది. చట్రం పుల్లల్ని చిన్న ముక్కలు చేసి అందులో నానబెడితే మధ్యాహ్నానికి పాకంలా తయారైంది. అంచులకి రాసి నొక్కితే ఒక ముక్క రెండోదాన్ని పట్టుకుని వదల్లేదు. ఆ రోజు మేమిద్దరం తిన్న అన్నం ఏం కూరతోనో ఇప్పటికీ గుర్తులేదు.

అతికించడంతో ఆగలేదు. అతుకుల గీతలు కనబడుతున్నాయని అంతర్వేది ఒడ్డుకి కొట్టుకొస్తే తెచ్చుకున్న గరుకు సముద్రపు నురగ బిళ్లతో మెత్తగా రుద్దాం. మూత మీది బొమ్మలో కళ్లు మెరుస్తున్నాయి, మన దానికి మెరవవని, గుండెకాయ ఉండాల్సిన చోట పెన్సిలు బ్యాటరీలు దూర్చి, తలలో టార్చి బల్బు పెట్టి, వీపున మీట బిగించాం. రేవులో పడవలకి రంగులు వేసే నూకరాజుగారు డబ్బా అడుగున మిగిలిన వెండిరంగు ఇచ్చారు. మా మామ్మ మంగతాయారు, కత్తిపీట ముందు కూర్చునే ఇదంతా గమనిస్తూ ఉండేది. సువార్తని మొదట్లో వసారా దాటనిచ్చేది కాదు. బొమ్మకి తల ఎక్కిన రోజున ఇద్దర్నీ లోపలికి పిలిచి, దగ్గరగా చూపించమంది.

"ఇదేం పని చేసుద్దే?"

"ఏ పనీ చెయ్యదు మామ్మా. ఊరికే నిలబడుద్ది."

"మీ తాతగారిలాగా అన్నమాట" అని మళ్లీ వంకాయలు అందుకుంది.

సభకి నాలుగు రోజులుందనగా వాయుగుండం పట్టింది. రేయింబవళ్లు ముసురు. ఉప్పు నీరుకారింది, అగ్గిపుల్లలు గీసుకోలేదు, తలుపులు ఉబ్బి మూసుకోలేదు. మా జిగురూ ఆరలేదు. కాళ్ల అతుకులు మెత్తగా ఉండి, నిలబెడితే బొమ్మ నెమ్మదిగా కూర్చునేది. వానాకాలంలో మా కోనసీమ ఇళ్లలో ఏది ఆరకపోయినా దానికి ఒకటే మందు, అటక. లోపలి నీరు ఇంకేదాకా కురిడీ కొబ్బరికాయలు అక్కడే ఎండేవి, పసుపు కొమ్ములు అక్కడే, విత్తనాలు అక్కడే. కింద కొబ్బరి పీచు డొక్కలు రాజేసి పొగ పెడితే చెమ్మ అనేది ఉండదు. "బయట ఏం ఆరుద్దే ఈ ముసురులో? కాయల పక్కన పెట్టండి" అంది మామ్మ. మాకూ అది సబబుగానే తోచింది. మరమనిషిని కురిడీల మధ్య నిలబెట్టి, పడకుండా రెండు కాయలు ఊతం పెట్టి, బడికి పోయాం.

మేం వెళ్లాక మామ్మకి మా మీద ప్రేమ ఎక్కువైంది. పిల్లల పని త్వరగా అవ్వాలని ఇనుప బొచ్చెలో ఇంకో బుట్టెడు డొక్కలు వేసి, సరిగ్గా బొమ్మ ఉన్న మూల కిందికి జరిపింది.

సాయంత్రం నిచ్చెన ఎక్కింది సువార్త. ఊతం కాయలు పక్కకి జరిపి, "కూర్చోలేదే. కరిగిపోయింది" అంది. కుడికాలు, నిప్పు వైపుది, మోకాలి దగ్గర బెల్లప్పాకంలా సాగి, అటక కర్రల సందులోంచి కిందికి వేలాడుతోంది. తక్కిన ఒళ్లంతా చెక్కుచెదరలేదు. నేను ఏడవలేదు, ఎందుకంటే నాకంటే ముందే మామ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పొగ వల్ల ఏదైనా పాడవడం ఆవిడ తన జీవితంలో చూడలేదు.

సభకి ఇక రెండే రోజులు. అది మాది కాదు, లైబ్రరీది. సువార్త పంచె కట్టి కాలు కప్పేద్దామంది. నిజంగానే మా నాన్న జేబురుమాలు చుట్టి చూశాం. మరమనిషి సంబంధం చూసుకోవడానికి వచ్చిన పెళ్లికొడుకులా ఉన్నాడు. పంచె ఉన్నా లేకపోయినా నిలబడలేదు గనక ఆ ఆలోచన అక్కడితో పోయింది. అప్పుడు మామ్మ లేచింది. ఆవిడ చిప్ప గరిటెలు చేసేది, మేకు లేకుండా, చిప్పకి కన్నం వేసి వెదురు పుల్ల దిగగొట్టేది. ఆ గరిటె ఇరవై ఏళ్లైనా వదులయ్యేది కాదు. ముదురు చిప్ప ఒకటి ఏరి, గాజుపెంకుతో గీకి, ఎడమకాలు కొలతకి రెండు ముక్కలు కోసింది. కరిగి సాగిన భాగం కోసేసి, కాల్చిన చువ్వతో కన్నాలు వేసి, వెదురు చీలలతో తొడకీ పాదానికీ మధ్య బిగించి, కొబ్బరినూనె పెట్టి తుడిచింది. వెండిరంగు ఒంటి మీద నల్లగా నిగనిగలాడే కాలు. నిలబెట్టాం. మామ్మ దాన్ని వేలితో ఒక తోపు తోసింది. ఊగి, మళ్లీ నిలబడింది.

అయినా నాకు దడ తగ్గలేదు. రంగు పూసి దాచేయమంది సువార్త. నాకు మనసొప్పలేదు. సభ మొదలవడానికి ముందు, మైకు సర్దుతున్న సత్యానందంగారి దగ్గరికి వెళ్లి, కుడికాలు పెట్టెలోది కాదండి, మేం కాల్చేశాం, ఇది మా మామ్మ చేసిందండి అని ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆయన వంగి చూశారు. గోరుతో తట్టి చూశారు. అంతలో పంచాయతీ ప్రెసిడెంటుగారు వచ్చి, మీట నొక్కి, కళ్లు వెలిగితే ఉలిక్కిపడి, ఏ దేశందని అడిగారు.

"ఒళ్లు జపానుదండీ. మోకాలు మనదండీ" అన్నారు సత్యానందంగారు, ఎంతో మామూలుగా.

సభ అయ్యాక ఆయన బొమ్మని వెనక గదిలోకి తీసుకెళ్లి, బీరువా తెరిచి, మధ్య అరలో పుస్తకాలు జరిపి పెట్టారు. తర్వాత తాళంచెవి నా చేతిలో పెట్టారు. "పద్మగారూ, వెదురు చీల వదులయ్యిందేమో వారానికోసారి చూడాలి కదండీ. తలుపు తియ్యకుండా ఎలా చూస్తారు?"

ఆ బీరువాలోంచి నేను మొదట తీసిన పుస్తకం ప్లాస్టిక్‌ల గురించే. నలభయ్యో పేజీలోనో ఎక్కడో, ఈ రకం ప్లాస్టిక్ వేడికి మెత్తబడుతుందని స్పష్టంగా ఉంది. ఇంటికి పట్టుకెళ్లి మామ్మకి చదివి వినిపించాను. ఈ ముక్క ముందే చదవొచ్చు కదే అంది.

"తాళం వేసుంది కదా మామ్మా" అన్నాను.

ఇప్పుడు ఆ పెంకుటిల్లు లేదు, లైబ్రరీ డాబాలోకి మారింది. మారినప్పుడు బీరువా ఎటు పోయిందో, అందులోని మరమనిషి ఎటు పోయాడో చెప్పగలిగినవాళ్లు లేరు. పేపర్లకి కర్రలు లేవు. మా ఇళ్లకి అటకలు లేవు, కాయలు పచ్చివే లారీ ఎక్కుతున్నాయి, డొక్కల పొగ పట్టిన బట్టల వాసన మా పిల్లలెరగరు. చిప్ప గరిటె ఒకటి మొన్న అమలాపురంలో ఒక హోటల్లో గోడకి అలంకారంగా వేలాడుతూ కనిపించింది. దానికి మేకు కొట్టారు.

ఈ సంగతి రాయడానికి సాయపడ్డవాళ్లకి నమస్కారాలు చెప్పుకోవాలి. ఫోనులో గంటసేపు తన జ్ఞాపకాలతో నావి దిద్దిన సువార్తకి, సీసా మొత్తం ఖాళీ అయినా కోప్పడని రూతక్కకి, రంగు ఇచ్చిన నూకరాజుగారికి, సముద్రాల మీదుగా పెట్టె మోసుకొచ్చిన ప్రభాకర్‌గారికి, తాళంచెవి ఇచ్చిన సత్యానందంగారికి, మా మామ్మ మంగతాయారుకి. అలాగే ఆ ముక్కలన్నిటినీ అంత పొందికగా గీసిన, పేరు తెలియని ఆ జపాను మనిషికి కూడా, కుడికాలి విషయంలో క్షమాపణతో సహా.