తాత టోపీలోంచి మూడు వాషర్లు

మిరుగం, అదే మృగశిర కార్తె, ఇంకో వారంలో వస్తుందనగా ఆర్మూరు ఇంట్లో పాత ఇనుప పెట్టె సర్దుతుంటే, అడుగున గుడ్డలో చుట్టిన, చేపలు పట్టే గాలపు రీలు దొరికింది. గుడ్డ విప్పగానే గడ్డకట్టిన గ్రీజు, ఎండిన వేపాకు, తడిసి ఆరిన ఉన్ని, మూడూ కలిసిన ఒక వాసన ముఖానికి తగిలింది. డెబ్బై దాటిన దాన్ని, ఆ పెట్టె పక్కనే నేల మీద కూర్చుండిపోయాను.

ఆ రీలు మా తాతది. నిజాం కాలంలో తాత కచేరీలో గుమాస్తా. ఆయన పై అధికారికి చేపల పిచ్చి. నౌకరీ వదిలి వెళ్ళేటప్పుడు తన గాలపు కర్రనూ, ఇంగ్లండు నుంచి తెప్పించుకున్న ఇత్తడి రీలునూ తాత చేతిలో పెట్టి పోయాడట. మా ఇంట్లో దాన్ని ‘మిషిని’ అనేవాళ్ళం. పోచంపాడు దగ్గర ఇంకా ఆనకట్ట పని మొదలుకాని రోజులవి. మాఘం నుంచి మా వాడకట్టంతా పసుపు ఉడికే ఆవిరి కమ్ముకునేది; అరుగుల మీద, దారి పక్కన, బడి ముందు కూడా కొమ్ములు ఆరబోసేవాళ్ళు; మా అరికాళ్ళు, గోళ్ళు, వాటి మీద పడుకుని లేచిన కుక్కల వీపులు అన్నీ పచ్చగా ఉండేవి. ఆ పచ్చదనం ఒంటి మీదనుంచి పోయేసరికి మిరుగం వచ్చేది. ఆ రోజు చేప తినని వాళ్ళు ఇంగువ, బెల్లం కలిపి మింగేవాళ్ళు. తినే ఇళ్ళల్లో పొద్దున్నుంచీ మామిడికాయ ముక్కలు కోస్తూ చేప కోసం ఎదురుచూసేవాళ్ళు. మా ఇంటికి చేప బజారు నుంచి కాదు, నందిపేట అవతలి గోదావరి నుంచి తాత చేతుల్లో వచ్చేది.

అమ్మ ఆ ఇంటికి కోడలుగా వచ్చి పదేళ్ళయినా తాతతో ఒక్క మాట మాట్లాడలేదు. కోపమేమీ లేదు, ఆనాటి పద్ధతి అది. తాత దగ్గు వాకిట్లో వినబడగానే అమ్మ కొంగు నెత్తిమీదికి లాక్కుని తలుపు వెనక్కి జరిగేది. ఇద్దరి మధ్యా మాటలు మోసేది నేను. “మీ తాతకు నీళ్ళు గావాల్నా అడుగు,” అని అమ్మ, “కూరల ఉప్పు జర తక్కువైందని మీ అమ్మకు చెప్పు,” అని తాత. తొమ్మిదేళ్ళు వచ్చేసరికి నాకు ఈ పనిలో ఎంత తెలివి వచ్చిందంటే, తాత అననే అనని “పిల్లకు బెల్లం పెట్టు” అనే మాట కూడా అమ్మకు చేరవేసేదాన్ని.

అంతకుముందు సంవత్సరం మిరుగానికి తాత గాలానికి పెద్ద వాలుగ చేప పడింది. చేప లాగినప్పుడు రీలు బిగువు తప్పకుండా కొద్దికొద్దిగా దారం వదలాలి. ఆ బిగువును పట్టి ఉంచేవి దాని కడుపులో ఉండే వాషర్లు. పాతబడిన ఆ తోలు బిళ్ళలు ఒక్కసారిగా పట్టేశాయి. దారం తెగింది, తాత రాళ్ళ మీద పడి మోకాలు పగిలింది. చీకటి పడకముందే ఉత్త చేతులతో ఇంటికి వచ్చి, మిషిని అటక మీద పెట్టేశాడు. నాన్న బజారు నుంచి చేప తెస్తే కడుపులో బాగాలేదని ముట్టలేదు. హైదరాబాదు నుంచి కొత్తది తెప్పిస్తానని నాన్న అంటే వద్దన్నాడు. ఏడాదిపాటు గోదావరి వైపు పోలేదు. అరుగు మీద కూర్చుని, వేళ్ళతో గాలిలో ఏదో తిప్పుతూ ఉండేవాడు. తలుపు సందులోంచి అమ్మ అది చూసేది.

మరుసటి ఎండాకాలం తాతే మిషినిని దించి, పాత ధోవతి పరిచి, మరలు విప్పాడు. తోలు బిళ్ళలు అప్పడాల్లా పొడి అయిపోయాయి. సైకిలు ట్యూబు కోసి కొత్తవి పెట్టాడు. పరీక్షకు చేప కావాలి కదా, ఆ చేపను నేనే. దారం కొస నడుముకు కట్టుకుని వాకిట్లోంచి బావి దాకా పరుగెత్తాలి. మిషిని నన్ను వెనక్కి లాగుతూనే మెల్లగా వదలాలి. రబ్బరు అంటుకుపోయి, నాలుగడుగులకే నేను బొక్కబోర్లా పడ్డాను. చెప్పు తోలుతో ఇంకో రోజు చూశాం. పొడిగా ఉన్నంతసేపు బాగానే ఉంది. బకెట్లో ముంచాక ఉబ్బి మళ్ళీ పట్టేసింది. తాత నా మోచేతి మీద మట్టి దులిపి, “ఇగ చాలు బిడ్డా,” అని మరలన్నీ ధోవతిలో మూట కట్టాడు.

ఆ సాయంత్రం అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. అమ్మ పుట్టింట్లో కుట్టు నేర్చుకుంది, ఏ బట్ట ఎట్లా సాగుతుందో ముట్టుకుంటే తెలిసేది. “తాత రూమీ టోపీ ఉన్నది గద. గసొంటి గట్టి ఉన్నితోనైతే ఆగుతది. ఇస్తడేమో అడుగు,” అంది.

కచేరీకి పెట్టుకుపోయిన, ఉన్ని అదిమి చేసిన ఆ ఎర్ర టోపీని తాత వేపాకులు వేసి పెట్టెలో దాచుకున్నాడు. ఏడాదికోసారి తీసి, బురుసుతో తుడిచి, మళ్ళీ పెట్టేసేవాడు. దాన్ని కోస్తామని చెప్పే ధైర్యం నాకు లేదు. “నేనడుగ. నువ్వే అడుగుపో,” అన్నాను.

అమ్మ పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగింది. తర్వాత కొంగు సర్దుకుని తలుపు దాకా వెళ్ళి, తలుపు వెనక్కి కాదు, ముందుకు వచ్చి నిలబడింది.

“మామా, మీ టోపీ ఇయ్యుండ్రి. దాంతోని బిళ్ళలు కోస్త.”

అరుగు మీద కూర్చున్న తాత తల ఎత్తి చూశాడు. అది ఎవరి గొంతో తెలియనట్టు ముందు నా వైపు చూసి, తర్వాత అమ్మ వైపు చూశాడు. లేచి లోపలికి పోయాడు. పెట్టె మూత చప్పుడైంది. టోపీ తెచ్చి అరుగు అంచున పెట్టి, “పైది కొయ్యి. చుట్టుది ఉండనియ్యి,” అన్నాడు.

అమ్మ మిషినిలోని ఇనుప బిళ్ళ ఒకటి టోపీ మీద పెట్టి సుద్దముక్కతో గీసింది, చిన్న కత్తెరతో మూడు గుండ్రాలు కోసింది, మధ్యలో రంధ్రాలు బ్లేడుతో తీసింది. గ్రీజు పల్చగా పూసి ఒక్కొక్కటీ అందిస్తుంటే తాత ఇనుప బిళ్ళల మధ్య పేర్చుకుంటూ పోయాడు. చివరి మర బిగించాక, మిగిలిన టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నాడు. పైకప్పు లేని టోపీలోంచి నున్నటి బట్టతల బయటకు వచ్చింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆగక, పైకే నవ్వింది. తాత కూడా నవ్వాడు.

ఈసారి బావి దాకా పరుగెత్తినా నేను పడలేదు. ఎవరో నడుం పట్టుకుని మెల్లగా వదులుతున్నట్టు అనిపించింది.

మిరుగం నాడు నన్ను వెంట తీసుకుపోయాడు. పొద్దెక్కాక బొచ్చె చేప పడి, దారం సర్రున పోతూ ఉంటే తాత అరవలేదు, తొందరపడలేదు. అది పోయినప్పుడు పోనిచ్చి, అలిసినప్పుడు చుట్టి, నా అంత చేపను ఒడ్డుకు తెచ్చాడు. ఇంటికి రాగానే, అమ్మకు మాట మోయమని నన్ను పిలవలేదు. వంటింటి గడప దగ్గర నిలబడి, “నీ బిళ్ళ ఆగింది బిడ్డా,” అన్నాడు.

“ఎంత దూరం గుంజింది మామా?” అంది అమ్మ.

తాత అక్కడే పీట వేసుకుని మొదటి నుంచీ చెప్పాడు. అమ్మ గరిటె పట్టుకుని వింటూ నిలబడింది. చేప కోసం పొయ్యి మీద పెట్టిన మామిడికాయ పులుసు కొంచెం అడుగంటింది. ఆ రోజు ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

చివరి రోజుల్లో తాతకు చెవులు మందగిస్తే అమ్మనే దగ్గర కూర్చోమనేవాడు. “పదేండ్లు నీ మాట ఇనకపోతి. గిప్పుడన్న జర గట్టిగ మాట్లాడు,” అనేవాడు.

తాత కూర్చున్న రాళ్ళు ఇప్పుడు పోచంపాడు నీళ్ళ కింద ఉన్నాయి. వాకిట్లో బావి పూడ్చి పైన గది కట్టాం. ఇనుప పెట్టె ముందు నేను కూర్చుని ఉండగానే, ముందుగదిలో మా కోడలు మా ఆయన మీద లేచింది, చక్కెర జబ్బు పెట్టుకుని ఇంత తీపి తింటారా మామయ్యా అని. ఆయన ఏదో సాకు చెబుతున్నాడు, ఆమె వినడం లేదు. పోయినవాటిలో నేను ఎన్నడూ తిరిగి రావాలని కోరుకోనిది ఒక్కటే, ఆ తలుపు వెనక నిశ్శబ్దం. వాళ్ళ పోట్లాట అయ్యేదాకా లేవకుండా వింటూ కూర్చున్నాను.