చీరల మాల్, మూడో అంతస్తు

పాలమూరులో నాలుగంతస్తుల చీరల మాల్ తెరిచిన రోజు ఊళ్ళోని మగవాళ్ళంతా అక్కడే ఉన్నారు. చీరల కోసం కాదు, రిబ్బను కత్తిరించడానికి వచ్చిన హీరోయిన్‌ను చూడటానికి. ఆడవాళ్ళం మరుసటి వారం వెళ్ళాం. మా అత్తమ్మ గాజు తలుపు బయటే చెప్పులు విడిచింది. పాత బట్టల దుకాణాల్లో తెల్లపరుపు మీద కూర్చోవాలంటే విడవాల్సిందే కదా. ఆమెను చూసి వెనక వచ్చినవాళ్ళూ విడిచారు. కాసేపట్లో ఆ మాల్ ముందు గుడి ముందున్నన్ని చెప్పులు పోగయ్యాయి. "వేసుకునే రండమ్మా" అని వాచ్‌మన్ మొత్తుకున్నాడు. "నీ బండలు ఖరాబైతయి బిడ్డా" అని అత్తమ్మ తిరిగి అతన్నే ఓదార్చింది.

అత్తమ్మకు షుగర్. మాటిమాటికీ బాత్రూంకు పోవాలి. ఆ ఒక్క కారణంతో ఆమె కొన్నేళ్ళుగా బజారు మానేసింది. దవాఖానకు పోయే రోజు పొద్దున్నుంచీ మంచినీళ్ళు ముట్టదు. మామయ్యకు ఆ ఫికర్ లేదు, మగవాళ్ళకు ఊరంతా జాగానే. వాళ్ళు తడపకుండా గోడల నిండా దేవుళ్ళ బొమ్మలు అతికించారు మా ఊళ్ళో. ఆడవాళ్ళ కోసం మాత్రం నాలుగు గోడలు కట్టాలని ఎవరికీ తోచలేదు. అత్తమ్మ బజారుకు రాదు కాబట్టి ఆమె చీరలూ మామయ్యే తెచ్చేవాడు. అన్నీ మాసినా కనబడని రంగులు.

మాల్ అసలు వైభవం మూడో అంతస్తులో ఉంది. లోపల గడియ పడే, నల్లా తిప్పితే నీళ్ళు వచ్చే బాత్రూం. అత్తమ్మ అందులోంచి వచ్చి, గ్లాసెడు నీళ్ళు అడిగి తాగింది. బజారులో ఆమె నీళ్ళు తాగడం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. ఆ తర్వాత నింపాదిగా కూర్చుని, మామిడిపండు రంగు చీర తనే ఏరుకుంది.

అప్పటినుంచి మేం ఖాలా అని పిలిచే పక్కింటి ముస్లిం పెద్దామెను కూడా వెంటబెట్టుకుని వారం వారం పోయేవాళ్ళం. "గీ ఆడోళ్ళకు చీరల పిచ్చి లేశింది" అని మామయ్య అరుగు మీద తీర్పు చెప్పాడు. మేం కాదనలేదు. చీరలంటేనన్నా పంపుతారు, ఆ పని కోసమంటే ఎవరు పంపుతారు?

ఒక రోజు పోయేసరికి మూడో అంతస్తు తలుపుకు తాళం. 'కొన్నవారికి మాత్రమే' అని బోర్డు. కొనకుండా తిరిగేవాళ్ళు ఎక్కువయ్యారట. ఊరు కట్టదు, కట్టినవాడు తెరవడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. నాకు ఒళ్ళు మండింది. అత్తమ్మకు కోపగించుకునే వ్యవధి కూడా లేదు. నేరుగా మేనేజర్ ముందుకు నడిచింది. టై కట్టుకున్న అతనిది నా తమ్ముడి వయసు ఉంటుంది.

"బిడ్డా, మీ అమ్మ బజారుకొస్తే యాడికి పోతది?"

"మా అమ్మ బజారుకు రాదమ్మా" అన్నాడతను, కాస్త గర్వంగానే.

"ఎందుకు రాదో ఎన్నడన్న అడిగినవా?"

అతను టై సర్దుకున్నాడు. చీరలు మడతపెడుతున్న అమ్మాయిల చేతులు ఆగాయి. పొద్దంతా నిలబడే ఆ పిల్లలు కూడా బాత్రూంకు పోవాలంటే అతన్నే అడగాలని నాకు అప్పుడు తెలిసింది. ఆడవాళ్ళ బాత్రూం తాళంచెవి అతని ప్యాంటు జేబులో ఉంది. తీసి ఇచ్చాడు.

అత్తమ్మ పని చూసుకుని వచ్చి తాళంచెవి అతనికి ఇవ్వలేదు. మడతలు పెట్టే అమ్మాయి చేతిలో పెట్టి "నీకాడ ఉంచుకో" అంది. 

ఇంటికి రాగానే మామయ్య మా ఉత్త చేతులు చూసి "గింతసేపు తిరిగి ఏం కొన్నరు?" అన్నాడు.

"ఏం కొనలే. మళ్ళ పోవాలె" అంది అత్తమ్మ.